వేలికందే అక్షరం



పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కీబోర్డు మీద వేళ్లు ఆడించేవాళ్లు ఇవాళ మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, బ్యాంకు సిబ్బంది, పత్రికాఫీసుల్లో డీటీపీ ఆపరేటర్లు, మీ సేవ కేంద్రాల్లో పనిచేసేవాళ్లు, కోర్టు టైపిస్టులు. వీళ్లంతా కుర్చీ బాగుందో లేదో చూసుకుంటారు, తెర ఎత్తు సరిచేసుకుంటారు, కళ్లద్దాలు మార్పించుకుంటారు. పొద్దస్తమానం వేళ్లు తాకే ఆ మీటల పలక ఎవరి చేతి కొలతకు తయారైందని మాత్రం అడగరు. ఇవాళ నా ప్రసంగం దాని గురించే. చేతికి తగ్గట్టు చిన్న కీబోర్డును ఎలా రూపొందిస్తారు, అక్షరాల అమరికను ఎలా లెక్కగడతారు, మన తెలుగుకు ఆ లెక్కలో ఏం చెయ్యాలి అన్నది చెబుతాను.

ముందుగా, వింటూనే ఒక చిన్న పని చేయండి. మోచేతులు ఒంటికి ఆనించి, ముంజేతులు తిన్నగా ముందుకు చాపండి. రెండు అరచేతుల మధ్య దాదాపు భుజాల వెడల్పంత దూరం ఉంటుంది. మణికట్టు తిన్నగా ఉంటుంది. ఇప్పుడు లాప్‌టాప్ మీద టైపు చేస్తున్నట్టు రెండు చేతులూ పక్కపక్కకు తెచ్చి, వేళ్లు తెరవైపు పెట్టండి. మణికట్టు దగ్గర చెయ్యి చిటికెనవేలి వైపు వంగింది కదూ? అరచెయ్యి పూర్తిగా నేలవైపు తిరిగింది. కీబోర్డు వెనక కాళ్లు లేపి ఉంటే మణికట్టు పైకి కూడా వంగుతుంది. ఒక్క నిమిషం ఇలా ఉంటే ఏమీ కాదు. ఏళ్ల తరబడి, రోజుకు వేల సార్లు మీటలు నొక్కుతూ ఇలాగే ఉంటే ఆ భారం మణికట్టు నరాల మీదా, స్నాయువుల మీదా పడుతుంది.

ఈ వంపుకు మూలం వెతికితే అమెరికాలోని మిల్వాకీ నగరానికి వెళ్లాలి. అక్కడ క్రిస్టఫర్ లాథమ్ షోల్స్, ఆయన మిత్రులు 1868లో టైపు మిషన్‌కు పేటెంటు తీసుకున్నారు. 1874లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని బజారులోకి తెచ్చింది. ఆ మిషన్‌లో ఒక్కో మీటకూ ఒక్కో కడ్డీ ఉండేది. నాలుగు వరసల కడ్డీలూ ఒకదానికొకటి తగలకుండా లోపలికి సాగాలి గనక ఒక వరస మీటలను పై వరసకు సరిగ్గా కింద పెట్టకుండా కాస్త పక్కకు జరిపారు. ఇవాళ్టి కీబోర్డులో కడ్డీలు లేవు. మీట కింద ఉన్నది చిన్న స్విచ్చి. అయినా మధ్య వరస పై వరస కంటే పావు మీట, కింది వరస మధ్య వరస కంటే అర మీట పక్కకు జరిగే ఉన్నాయి. ఆ ఒరుగుతో కుడి చెయ్యి ఎలాగో సర్దుకుంటుంది. ఎడమ చేతికి అది పూర్తిగా ఎదురు.

ఇక క్యూ, డబ్ల్యు, ఈ, ఆర్, టి, వై అని మొదలయ్యే అక్షరాల వరస. అలా ఎందుకు పెట్టారన్న దాని మీద పండితుల వాదం ఇంకా తెగలేదు. కడ్డీలు చిక్కుపడకుండా అని కొందరంటారు, టెలిగ్రాఫ్ ఆపరేటర్ల అవసరం కోసమని మరికొందరంటారు. ఒక్క సంగతి మాత్రం స్పష్టం. మీటలవైపు చూడకుండా పది వేళ్లతో టైపు చేసే పద్ధతి అప్పటికి వాడుకలోకి రాలేదు. కాబట్టి ఆ అమరిక పది వేళ్ల బలాబలాలు లెక్కవేసి పెట్టింది కాదు.

ఆ లెక్క మొదట గట్టిగా వేసినవాడు ఆగస్ట్ డ్వొరాక్. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. విలియం డీలీతో కలిసి ఇంగ్లీషులో ఏ అక్షరం ఎంత వస్తుంది, ఏ అక్షరం పక్కన ఏది వస్తుంది అని లెక్కించి, 1936లో కొత్త అమరికకు పేటెంటు పొందాడు. అచ్చులన్నీ మధ్య వరసలో ఎడమ చేతి కింద పెట్టాడు. ఎక్కువగా వాడే హల్లులు అదే వరసలో కుడి చేతి కింద పెట్టాడు. మామూలు కీబోర్డు మీద మధ్య వరసలో పడే దెబ్బలు సుమారు మూడో వంతు అయితే, డ్వొరాక్ అమరికలో సుమారు 70 శాతం. అంటే వేళ్లు తమ చోటు వదిలి వెళ్లే పని బాగా తగ్గింది. డ్వొరాక్ అభిమానులు చెప్పినంత వేగం పెరగదని 1990లో లీబొవిట్జ్, మార్గోలిస్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు గట్టిగానే వాదించారు. వేగం సంగతి అటుంచితే, వేలి నడక తగ్గిందన్నది మాత్రం ఎవరైనా లెక్కపెట్టి చూసుకోవచ్చు.

1970లలో ఇంగ్లండులో లిలియన్ మాల్ట్ అనే టైపింగ్ శిక్షకురాలు, స్టీఫెన్ హాబ్డే అనే ఇంజనీరు కలిసి మరో అడుగు వేశారు. మాల్ట్రాన్ అనే వాళ్ల కీబోర్డులో పలకే వేరు. రెండు చేతులకూ వేరువేరుగా పల్లంగా ఉండే గుంటలు, వాటిలో మీటలు. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ‘ఈ’ అక్షరాన్ని ఎడమ బొటనవేలికి ఇచ్చారు. ఇది ఎంత మంచి ఆలోచనో చూడండి. చేతిలో బలమైన వేలు బొటనవేలు. మామూలు కీబోర్డు మీద రెండు బొటనవేళ్లకూ కలిపి ఉన్న పని ఒక్క స్పేస్ బార్. బలహీనమైన చిటికెనవేలికేమో షిఫ్ట్, ఎంటర్, బ్యాక్‌స్పేస్, కంట్రోల్ అన్నీ అప్పగించారు.

1996లో జపానులో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య ఎయిటి వాదా ఆలోచనతో హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు వచ్చింది. అందులో 60 మీటలే. అప్పటికి మామూలు కీబోర్డులో మీటలు వందకు పైమాటే. అంకెల పలక, పైన ఎఫ్ మీటల వరస, బాణాల మీటలు తీసేశారు. దానివల్ల చోటు కలిసిరావడమే కాదు, మౌస్ దగ్గరికి వచ్చింది. కుడి చెయ్యి మాటిమాటికీ దూరంగా చాచే పని తప్పి భుజానికి తెరిపి దొరికింది.

ఈ దారులన్నీ కలిసిన చోటే ఇవాళ్టి చిన్న కీబోర్డు పుట్టింది. నా బల్ల మీద ఉన్నది 36 మీటలది. రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్కలో మూడు వరసలు, వరసకు ఐదు మీటలు, కింద బొటనవేలికి మూడు. రెండు ముక్కలనూ భుజాల వెడల్పున పెట్టుకుంటే మణికట్టు తిన్నగా నిలుస్తుంది. ముక్కల లోపలి అంచులను కాస్త పైకెత్తి వాలుగా పెడితే అరచెయ్యి పూర్తిగా నేలవైపు తిరగనక్కర్లేదు.

36 అనే లెక్క ఎక్కడిదంటే, వేళ్ల అందుబాటులోంచి వచ్చింది. మీటకూ మీటకూ మధ్య దూరం మామూలుగా 19 మిల్లీమీటర్ల పైచిలుకు. ప్రతి వేలూ తన చోటు నుంచి ఒక మీట పైకి, ఒక మీట కిందికి వెళ్లొస్తుంది. చూపుడువేలు మాత్రం పక్కనున్న ఇంకో నిలువు వరసను కూడా చూసుకుంటుంది. ఒక్క మీట దూరం దాటి ఏ వేలూ పోకూడదని నియమం పెట్టుకుంటే చేతికి పదిహేను మీటలు తేలతాయి. బొటనవేళ్లవి కలుపుకుంటే 36. చేతికి ఇంకో నిలువు వరస కావాలనుకునేవాళ్లు 42 మీటలతో చేసుకుంటారు. కోర్నె అని పేరున్న కీబోర్డు అలాంటిదే.

మీటలను ఎలా పేర్చాలన్నది చేతినే అడగాలి. ఒక తెల్ల కాగితం మీద అరచెయ్యి తేలిగ్గా ఆనించి, వేళ్ల కొనల దగ్గర పెన్సిలుతో చుక్కలు పెట్టండి. నడిమివేలి చుక్క అన్నిటికంటే పైన, ఉంగరపువేలిది కొంచెం కింద, చూపుడువేలిది ఇంచుమించు అక్కడే, చిటికెనవేలిది బాగా కింద పడుతుంది. మంచి చిన్న కీబోర్డులో మీటల నిలువు వరసలు ఈ చుక్కల వెంబడే పైకీ కిందికీ జరిగి ఉంటాయి. సొంతంగా రూపొందించుకునేవాళ్లు ముందు ఈ నమూనాను అసలు కొలతలోనే కాగితం మీద అచ్చు వేసి, దాని మీద చెయ్యి పెట్టి వేళ్లు ఆడించి చూస్తారు. చిటికెనవేలు సాగుతోందా, బొటనవేలు అరచేతి కిందికి ముడుచుకుపోతోందా అని గమనిస్తారు. గీత సరిదిద్ది మళ్లీ అచ్చు వేస్తారు. అంతా కుదిరాకే కీక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సర్క్యూట్ బోర్డు గీసి తయారీకి పంపుతారు.

మరి అంకెలు, బ్రాకెట్లు, బాణాలు ఎక్కడ అని మీకు సందేహం రావాలి. అవి పొరల్లో ఉంటాయి. ఇది మీకు తెలియని విద్యేమీ కాదు. ఫోనులో మెసేజి రాస్తూ అంకెలు కావాలంటే మూలనున్న మీట నొక్కుతారు, అక్షరాలు పోయి అంకెలు వస్తాయి. అదే పొర. అసలు మొట్టమొదటి పొర 1878లోనే వచ్చింది. రెమింగ్టన్ రెండో నమూనాలో షిఫ్ట్ మీట పెట్టారు. అంతకుముందు ఆ మిషన్ పెద్దక్షరాలే కొట్టేది. షిఫ్ట్‌తో ఒకే మీట రెండు అక్షరాలు పలికింది. చిన్న కీబోర్డు ఆ సూత్రాన్నే సాగదీసింది. ఎడమ బొటనవేలితో ఒక మీట పట్టుకుంటే కుడి చేతి కింద అంకెలు లెక్కలయంత్రం మీద ఉన్నట్టు పేర్చుకుని వస్తాయి. ఇంకో మీట పట్టుకుంటే బాణాలు వస్తాయి. చెయ్యి కదలదు, మీటల అర్థం మారుతుంది.

ఈ పని చేసేది కీబోర్డు లోపలి చిప్పులో నడిచే ప్రోగ్రాము. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. క్యూఎంకే, జడ్‌ఎంకే అనేవి ఉచితంగా, అందరూ చదివి మార్చుకునేలా ఉన్న ఫర్మ్‌వేర్లు. వీటివల్ల మీట నొక్కే తీరును బట్టి కూడా అర్థం మార్చవచ్చు. తట్టి వదిలితే అక్షరం, నొక్కి పట్టుకుంటే కంట్రోలో షిఫ్టో అవుతుంది. తట్టడానికీ పట్టుకోవడానికీ మధ్య హద్దు క్యూఎంకేలో మామూలుగా 200 మిల్లీసెకన్లు. చకచకా టైపు చేసేవాళ్లకు ఇక్కడే చిక్కు. ఒక మీట వదలకముందే ఇంకోటి నొక్కితే అక్షరానికి బదులు కంట్రోల్ పడిపోవచ్చు. అందుకని పట్టుకున్న మీట ఒక చేతిలో, నొక్కిన మీట ఇంకో చేతిలో ఉన్నప్పుడే దాన్ని కంట్రోల్‌గా తీసుకోవాలని నియమం పెడతారు. యంత్రం మనిషి అలవాటును కనిపెట్టుకుని ఉండాలి. రూపకర్త ఓపికంతా ఇలాంటి చోటే తెలుస్తుంది.

ఇప్పుడు అక్షరాల అమరికకు వద్దాం. బల్ల మీద చిటికెనవేలు నుంచి చూపుడువేలు దాకా వరసగా తట్టండి. నాలుగు దెబ్బలూ ఒక్క విసురులో పడతాయి. ఇప్పుడు ఒక్క నడిమివేలితోనే నాలుగు వేర్వేరు చోట్ల తట్టండి. ఎంత నెమ్మదో, ఎంత శ్రమో తెలుస్తుంది. అమరిక శాస్త్రమంతా ఈ తేడాలోనే ఉంది. పక్కపక్కన వచ్చే అక్షరాలు ఒకే వేలికి పడకూడదు. ఇంగ్లీషులో భూతకాల క్రియలు చాలావరకు ఈ, డి అక్షరాలతో ముగుస్తాయి. మామూలు కీబోర్డు మీద ఆ రెండూ ఎడమ నడిమివేలివే. 2006లో షాయ్ కోల్‌మన్ రూపొందించిన కోల్‌మాక్ అమరికలో ‘ఈ’ అక్షరం కుడి నడిమివేలికి, ‘డి’ ఎడమ చూపుడువేలికి వెళ్లాయి. ఆ జంట చేతులు మారుతూ హాయిగా పడుతుంది. పైగా కోల్‌మాక్ 17 మీటలనే మార్చి, కాపీ, పేస్టు చేసే మీటలున్న కింది వరసను దాదాపు అలాగే ఉంచింది. కొత్తది నేర్చుకునేవాడి కష్టాన్ని కూడా లెక్కలో వేసుకున్న అమరిక అది.

ఇదంతా ఇంగ్లీషు లెక్క. మన తెలుగు సంగతేమిటి?

మనకు ఇన్‌స్క్రిప్ట్ ఉంది. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణంగా పెట్టిన అమరిక అది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ పత్రంలోకీ ఎక్కింది. ఎడమ చేతికి గుణింతపు గుర్తులు, కుడి చేతికి చాలావరకు హల్లులు. క దగ్గర షిఫ్ట్ పట్టుకుంటే ఖ, త దగ్గర పట్టుకుంటే థ. ఒకటి నేర్చుకుంటే దాని జోడు తెలిసినట్టే. తెలుగులో నేర్చినవాడికి కన్నడంలోనూ హిందీలోనూ క అదే మీట మీద దొరుకుతుంది. హల్లు కుడి చేత, గుణింతం ఎడమ చేత కొడితే చేతులు ఒకటి తరవాత ఒకటి పనిచేస్తాయి. డ్వొరాక్ కోరుకున్నది ఇదే. ఇన్‌స్క్రిప్ట్ రూపొందించిన పెద్దల పని మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

అయితే అది భారతీయ భాషలన్నిటికీ కలిపి వేసిన అమరిక. తెలుగు ఒక్కదాని నడక చూసి వేసింది కాదు. ఇన్‌స్క్రిప్ట్‌లో మ, న, వ అనే మూడు హల్లులు కింది వరసలో ఎడమ చేతికి పడ్డాయి. ఒత్తు రాయడానికి వాడే పొల్లు గుర్తు మధ్య వరసలో ఎడమ నడిమివేలి కింద ఉంది. ఇప్పుడు అమ్మ అని కొట్టండి. షిఫ్ట్ పట్టుకుని అ, తరవాత మ, తరవాత పొల్లు, మళ్లీ మ. షిఫ్ట్ తప్ప నాలుగు దెబ్బలూ ఎడమ నడిమివేలివే. నువ్వు అని కొట్టండి. ఆరు దెబ్బలూ ఎడమ చేతివి, అందులో ఐదు ఒక్క చూపుడువేలివి. నేను, మేము, మనం కూడా మొత్తం ఎడమ చేతి మీదే. తెలుగువాడు గంటకు ఎన్నిసార్లు వాడతాడో చెప్పలేని మాటలివి.

దీనికి కొంతవరకు మందు చిన్న కీబోర్డులోనే ఉంది. పొల్లును బొటనవేలికి ఇవ్వండి. తెలుగు ద్విత్వాల భాష, సంయుక్తాల భాష. అక్క, చెట్టు, నువ్వు, ఇల్లు, పుస్తకం, ఎక్కడ చూసినా ఒత్తే. బొటనవేలి కింద ఒక్క హల్లు కూడా లేదు గనక పొల్లు అక్కడుంటే ఏ ఒత్తు రాసినా హల్లు వేలితో గొడవ ఉండదు. అమ్మలో ద్విత్వం నడిమివేలు, బొటనవేలు, నడిమివేలుగా తేలిగ్గా పడుతుంది. షిఫ్ట్ కూడా ఇంకో బొటనవేలికిస్తే ళ, ణ, శ లాంటి అక్షరాలకు చిటికెనవేలు సాగనక్కర్లేదు.

దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ రాయనక్కర్లేదు. కీబోర్డు కంప్యూటరుకు అక్షరం పంపదు, ఫలానా మీట నొక్కారని ఒక సంఖ్య పంపుతుంది. అది ఇంగ్లీషు డి అవుతుందా, తెలుగు పొల్లు అవుతుందా అన్నది కంప్యూటరులో ఎంచుకున్న భాషను బట్టి ఉంటుంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు ఎంచుకుని, బొటనవేలి మీట నుంచి డి సంఖ్య వచ్చేలా ఫర్మ్‌వేర్‌లో ఒక్క మాట మారిస్తే సరి.

ఇంకో చిక్కుంది. వరసకు పది మీటలే ఉన్న కీబోర్డు మీద ఇన్‌స్క్రిప్ట్‌లో అంచున ఉండే ట, డ మాయమవుతాయి. ఎడమ మూలనున్న హ్రస్వ ఒకారపు గుర్తూ పోతుంది. తెలుగులో ట, డ లేకుండా ఒక్క వాక్యం సాగదు. ఇక్కడ జంట నొక్కులు ఆదుకుంటాయి. పక్కపక్కనున్న రెండు మీటలు ఒక్కసారి నొక్కితే మూడో అక్షరం పడేలా ఫర్మ్‌వేర్‌కు చెప్పవచ్చు. త, చ మీటలు కలిపి నొక్కితే ట, ద, జ కలిపి నొక్కితే డ. హ్రస్వ ఒకారానికి పక్కపక్కనే ఉన్న ఏత్వం, ఓత్వం మీటలు కలిపి నొక్కితే చాలు. ఈ చివరి జంటలో ఒక మంచి గుణముంది. తెలుగులో రెండు గుణింతపు గుర్తులు ఎప్పుడూ పక్కపక్కన రావు. కాబట్టి ఎంత వేగంగా కొట్టినా పొరపాటున ఆ జంట పడే భయం లేదు. మన లిపి నియమమే ఇక్కడ రూపకర్తకు తోడు నిలుస్తుంది. 

రేపటి నుంచి ఎవరైనా చేయదగ్గవి కొన్ని చెబుతాను. కొత్త కీబోర్డు కొనకముందే, ఉన్నదాని వెనక కాళ్లు మడిచేయండి, మణికట్టు తిన్నగా ఉంటుంది. మెల్లగా నొక్కండి, మీట అడుగుకంటా గుద్దనక్కర్లేదు. క్యాప్స్ లాక్‌ను బ్యాక్‌స్పేస్‌గానో కంట్రోల్‌గానో మార్చుకోండి. చిన్న కీబోర్డుకు మారదలిస్తే పలకనూ అమరికనూ ఒక్కసారే మార్చవద్దు. ముందు పలక, అది చేతికి అలవాటయ్యాక అక్షరాలు. మొదటి కొన్ని వారాలు వేగం పడిపోతుంది. గడువు ఉన్న పనుల మధ్య ఆ ప్రయత్నం పెట్టుకోకండి. ఇప్పటికే వేళ్లు తిమ్మిరెక్కుతుంటే, రాత్రిళ్లు మణికట్టు నొప్పితో మెలకువ వస్తుంటే ముందు డాక్టరును కలవండి. కీబోర్డు మందు కాదు. మధ్యమధ్య లేచి చేతులకు విశ్రాంతి ఇవ్వడం ఏ కీబోర్డు మీదైనా తప్పనిసరి.

చివరగా మన ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యార్థులకు ఒక విన్నపం. టైపు లోయరు, హయ్యరు పరీక్షలు రాసిన తరాలు రెమింగ్టన్ మిషన్ ఇచ్చిన వరసను ఇచ్చినట్టే నేర్చుకున్నాయి. వాళ్లకు మార్చుకునే వీలు లేదు. మీకు ఉంది. తెలుగు వికీపీడియాలో ఎవరైనా తీసుకుని లెక్కపెట్టుకోదగ్గ వచనం బోలెడుంది. ఏ హల్లు ఎన్నిసార్లు వస్తుంది, ఏ ఒత్తు ఎక్కువ, ఏ గుర్తు తరవాత ఏ హల్లు వస్తుంది అని లెక్కపెట్టే ప్రోగ్రాము రాయడం మీకు ఒక వారాంతపు పని. ఆ లెక్క పట్టుకుని 36 మీటల మీద తెలుగును అమర్చండి. కాగితం మీద అచ్చు వేసి మీ అమ్మానాన్నల చేతులు పెట్టించి చూడండి, డీటీపీ పనిచేసే అన్నను అడగండి, తప్పులు దిద్దండి, అందరికీ ఉచితంగా పంచండి. నేను చెప్పిన పొల్లు, జంట నొక్కులు మీ లెక్కకు నిలవకపోతే తీసి పక్కన పెట్టండి. తెలుగు రాసేవాడి చెయ్యి హాయిగా ఉంటే తెలుగు ఇంకా ఎక్కువగా రాస్తాడు. అంతకు మించిన ఫలితం నేను కోరను.